నెట్‌వర్క్ సెక్యూరిటీ చదువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ సెక్యూరిటీ ఒక సబ్జెక్టుగా ఉంది, మార్కులు కూడా వస్తున్నాయి, కానీ విషయం మాత్రం చేతికి చిక్కడం లేదు. వాటిలో కొన్నింటిని కుదించి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. 'క్రిప్టోగ్రఫీ అండ్ నెట్‌వర్క్ సెక్యూరిటీ' పేపరులో డీఈఎస్ అనే పాత గుప్తీకరణ పద్ధతిలోని 16 రౌండ్లు బొమ్మ వేసి వివరించగలను, బహిరంగ కీ, రహస్య కీ అని రెండు కీలు వాడే ఆర్‌ఎస్‌ఏ లెక్క చేయగలను. మిడ్ పరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయి. కానీ 'హాస్టల్ వైఫైలో నీ పాస్‌వర్డ్ పక్కవాళ్లు చూడగలరా అక్కా?' అని మా తమ్ముడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తప్పు ఎక్కడ జరుగుతోంది?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మా, తప్పు మీలో లేదు, పాఠాల వరుసలో ఉంది. మన సిలబస్ చాలాచోట్ల తాళాల తయారీతో మొదలవుతుంది. ఆ తాళం ఏ తలుపుకు వేయాలి, ఆ తలుపు అసలు ఎందుకు తెరిచి ఉంది అన్న సంగతి చివరి యూనిట్లకు గాని రాదు, అప్పటికి సెమిస్టర్ ముగింపుకొస్తుంది. అందుకే డీఈఎస్ రౌండ్లు గుర్తుంటాయి గాని వైఫై గురించి అడిగితే నోరు పెగలదు.

కొన్ని వారాల పాటు క్రిప్టోగ్రఫీని పక్కన పెట్టి, మామూలు నెట్‌వర్క్ మామూలు రోజున ఎలా పనిచేస్తుందో గమనించండి. గమనిస్తూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఎవరు ఎవరి మాటను ఏ ఆధారంతో నమ్ముతున్నారు? ఐపీ అడ్రస్‌ను బట్టి మ్యాక్ అడ్రస్ కనుక్కునే ఏఆర్‌పీ ప్రోటోకాల్‌నే తీసుకోండి. లాన్‌లో, అంటే ఒకేచోటి స్థానిక నెట్‌వర్క్‌లో, ఉన్న మీ కంప్యూటర్‌కు గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే పరికరం) ఐపీ అడ్రస్ తెలుసు, కానీ ఫ్రేమ్ పంపాలంటే దాని నెట్‌వర్క్ కార్డుకు ఉండే మ్యాక్ అడ్రస్ కావాలి. కనుక 'ఈ ఐపీ ఎవరిది?' అని అందరికీ వినబడేలా అడుగుతుంది, 'నాది' అని ఎవరు పలికితే వారి మ్యాక్ అడ్రస్‌ను తన పట్టికలో రాసుకుంటుంది. పలికినవారు నిజంగా వారేనా అని సరిచూసే ఏర్పాటు 1982లో రాసిన ఆ ప్రోటోకాల్‌లో లేదు. తలెత్తి చూడకుండా హాజరు పిలిచే తరగతిలో ఒకరి బదులు మరొకరు 'ప్రెజెంట్ సార్' అంటే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఏఆర్‌పీ స్పూఫింగ్ అంటే అదే. గేట్‌వే తానేనని పక్క కంప్యూటర్ పలుకుతుంది, ఆ తర్వాత మీ ట్రాఫిక్ అంతా దాని మీదుగా నడుస్తుంది.

ఇప్పుడు కళ్లారా చూడవలసిన పని ఒకటి చెబుతాను. మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్‌లోనే మరిన్ని కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి రెండు చిన్న లినక్స్ మెషిన్లు పెట్టుకోండి. వాటి నెట్‌వర్క్‌ను 'హోస్ట్-ఓన్లీ'గా మారిస్తే అవి బయటి నెట్‌వర్క్‌తో మాట్లాడవు. ఒకదానిలో టెల్‌నెట్ (దూరం నుంచి మరో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి) సర్వర్ నడిపి, రెండోదాని నుంచి లాగిన్ అవుతూ వైర్‌షార్క్‌తో ప్యాకెట్లను పట్టుకోండి. తర్వాత ఏదైనా ఒక టెల్‌నెట్ ప్యాకెట్ మీద రైట్ క్లిక్ చేసి 'ఫాలో టీసీపీ స్ట్రీమ్' ఎంచుకోండి. మీరు పంపినవి ఎర్రగానూ, సర్వర్ పంపినవి నీలంగానూ కనిపిస్తాయి. యూజర్‌నేమ్‌లోని ప్రతి అక్షరమూ ఎరుపులో ఒకసారి, నీలంలో ఒకసారి, జంటలు జంటలుగా ఉంటుంది. ఎందుకంటే మీరు కొట్టిన అక్షరాన్ని సర్వర్ తిరిగి పంపితేనే అది మీ తెరపై పడుతుంది. దాని కింద పాస్‌వర్డ్ ఉంటుంది. అందులో జంటలు ఉండవు, ఎర్రటి ఒంటి అక్షరాలే ఉంటాయి. తెరపై కనబడకూడదని సర్వర్ వాటిని తిరిగి పంపలేదు. వెనక నిలబడిన మనిషి చూడకూడదని అంత జాగ్రత్త పడిన పాస్‌వర్డ్, దారి పొడవునా మాత్రం బట్టబయలుగా ప్రయాణించింది. నా చదువు రోజుల్లో ఈ సబ్జెక్టు నాకు అర్థమవడం మొదలైంది ఆ ఎర్రటి ఒంటి అక్షరాలను చూసిన రోజునే.

అదే పనిని, అన్నీ గుప్తీకరించి పంపే ఎస్‌ఎస్‌హెచ్‌తో మళ్లీ చేయండి. మొదట రెండు వైపులా తమ వెర్షన్ చెప్పుకునే వాక్యాలు చదవగలరు, ఆ తర్వాత కీల మార్పిడి కనిపిస్తుంది, ఆపైన వచ్చేవన్నీ చదవడానికి వీల్లేని బైట్లు. మీరు పరీక్ష కోసం నేర్చుకున్న డిఫీ-హెల్‌మన్ ఉండేది ఆ కీల మార్పిడిలోనే. ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే ఒక విశ్వవిద్యాలయంలో. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను దొంగచాటుగా పట్టుకున్న సంఘటన జరిగింది, దానితో అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దీన్ని రాశారు. పోర్టు అంటే కంప్యూటర్‌లో ఒక్కో సేవకు ఉండే తలుపు నంబరు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది పోర్టు 21, టెల్‌నెట్‌ది పోర్టు 23. ఆ రెండింటి బదులు వాడవలసినది కాబట్టి మధ్యలో ఖాళీగా ఉన్న 22ను ఆయన అడిగి తీసుకున్నారు. ఇలా తెలుసుకున్న పోర్టు నంబరును బట్టీ పట్టవలసిన పని ఉండదు.

మీ తమ్ముడికి ఇలా చెప్పండి. సైటు హెచ్‌టీటీపీఎస్‌లో (గుప్తీకరించిన కనెక్షన్‌లో) ఉండి, బ్రౌజర్ ఏ హెచ్చరికా చూపకపోతే, పక్క గదిలోని వాళ్లకు నీ పాస్‌వర్డ్ కనబడదు. నువ్వు ఏ సైటుకు వెళ్లావన్నది మాత్రం సైటు పేరు చెప్పి దాని ఐపీ అడ్రస్ అడిగే డీఎన్‌ఎస్ ప్రశ్నల వల్ల చాలావరకు తెలిసిపోతుంది. బ్రౌజర్ హెచ్చరించినా లెక్కచేయకుండా ముందుకు నొక్కితే ఆ రక్షణను నీ చేత్తో నువ్వే తీసేసినట్టు.

ప్రశ్న: డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఇప్పుడు ఎంసీఏలో చేరాను. నాకు లెక్కలు అంతంత మాత్రమే. క్రిప్టోగ్రఫీ పుస్తకం తెరిస్తే భయం వేస్తోంది. నెట్‌వర్క్ సెక్యూరిటీకి ఎంత గణితం కావాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, ముందుగా భాష సంగతి. ఇంగ్లిషు పదాలను పదాలుగానే వాడండి, కానీ వాటి అర్థాన్ని మీ సొంత తెలుగులో నోట్స్‌గా రాసుకోండి. ఈ సబ్జెక్టుకు మూలమైన మూడు మాటలకు గోప్యత, సమగ్రత, లభ్యత అని రాసుకుని, పరీక్షా ఫలితాల వెబ్‌సైటుకు అన్వయించి చూడండి. మీ మార్కులు చూడకూడనివారు చూడలేకపోవడం గోప్యత, వాటిని ఎవరూ మార్చలేకపోవడం సమగ్రత. ఫలితాలు విడుదలైన గంటలో సైటు తెరుచుకోవడం లభ్యత. లక్షల మంది ఒక్కసారిగా వచ్చిపడితే సైటు మొరాయించడం మనందరికీ అనుభవమే. అక్కడ దాడి చేసినవాడు ఎవడూ లేకపోయినా లభ్యత పోయింది. ఈ ఒక్క ఉదాహరణ అర్థమైతే డినయల్ ఆఫ్ సర్వీస్ (సేవ అందకుండా చేసే దాడి) పాఠం సగం చదివినట్టే.

ఇక గణితం. పునాదికి కావలసింది శేషాల లెక్క, ప్రధాన సంఖ్యలు, ఎక్స్‌ఓఆర్ పట్టిక (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0). అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. ఉదయం 10 గంటలకు 5 గంటలు కలిపితే గడియారం 3 చూపిస్తుంది, శేషాల లెక్క అంటే అదే. చిన్న ఆర్‌ఎస్‌ఏ ఒకటి కాగితం మీద చేయండి. 3, 11 అనే ప్రధాన సంఖ్యలను గుణిస్తే 33. ఆ రెండింటిలో ఒక్కొక్కటి తగ్గించి గుణిస్తే 20. బహిరంగ కీగా 7 తీసుకుంటే రహస్య కీ 3 అవుతుంది, ఎందుకంటే 7ను 3తో గుణిస్తే 21, దాన్ని 20తో భాగిస్తే శేషం 1. ఇప్పుడు 2 అనే సందేశాన్ని పంపాలి. 2ను ఏడుసార్లు గుణిస్తే 128, దాన్ని 33తో భాగిస్తే శేషం 29. తీగ మీద పోయేది ఆ 29 మాత్రమే. అందుకున్నవారు 29ని మూడుసార్లు గుణించి, 33తో భాగించి శేషం చూస్తే మళ్లీ 2 వస్తుంది. ఆ 2 తిరిగి వచ్చినప్పుడు కలిగే సంతోషంతో మీ భయంలో సగం పోతుంది. 33ను విడగొట్టడం ఎవరికైనా తేలికే గాని, 2048 బిట్ల సంఖ్యను విడగొట్టడం నేటి కంప్యూటర్ల వల్ల కావడం లేదు. ఆర్‌ఎస్‌ఏ బలమంతా ఆ తేడాలోనే ఉంది.

కీ పొడవు గురించి కూడా ఒక మాట. 56 బిట్ల డీఈఎస్ 1977లో అమెరికా ప్రమాణంగా వచ్చింది. 1998లో అందుకోసమే కట్టిన ఒక యంత్రం సాధ్యమైన కీలను వరుసగా ప్రయత్నిస్తూ 56 గంటల్లో దాన్ని ఛేదించింది. దాని స్థానంలో 2001లో వచ్చిన ఏఈఎస్‌లో అతి చిన్న కీ 128 బిట్లు. ఒక్క బిట్ పెరిగితే పని రెట్టింపవుతుందని గుర్తుంచుకుని, మిగిలిన 72 రెట్టింపులను మీరే లెక్కవేసి చూడండి.

ప్రశ్న: మా హాస్టల్ నెట్‌వర్క్‌లో ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ ప్రోగ్రామ్ నడిపితే కాలేజీ సర్వర్లలో తెరిచి ఉన్న పోర్టులు కనిపించాయి. ఒక పాత సర్వర్‌లోకి డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో వెళ్లవచ్చని నా స్నేహితుడు అంటున్నాడు. నేర్చుకోవడానికే కదా, ఒకసారి ప్రయత్నిస్తే తప్పేమిటి?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ప్రయత్నించకండి. మీ ఉద్దేశం మంచిదేనని నేను నమ్ముతున్నాను, నమ్ముతున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో గాని నెట్‌వర్క్‌లో గాని ప్రవేశించడాన్నే తప్పుగా చూస్తుంది. అదే పని మోసపూరితంగా చేశారని తేలితే 66వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీరు మంచి మనసుతోనే చేశారని రుజువు చేసుకోవడానికి తిరిగే నెలల్లో మీ చదువు ఏమవుతుందో ఆలోచించండి.

ఉద్దేశానికీ ఫలితానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో చూపే కథ ఒకటుంది. 1988 నవంబర్ 2న కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామ్‌ను ఇంటర్నెట్‌లో వదిలాడు. అది తనంతట తాను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకుతుంది. ఒకచోట తన ప్రతి ఇప్పటికే ఉందో లేదో అడిగి తెలుసుకునేలా రాశాడు గాని, నిర్వాహకులు ఉత్తుత్తి 'ఉంది'తో మోసగిస్తారేమోనన్న అనుమానంతో, 'ఉంది' అన్నా 7 సార్లలో ఒకసారి మళ్లీ చేరమన్నాడు. ఆ ఒక్క అంకె కొంప ముంచింది. ప్రతులు ప్రతుల మీద పేరుకుని వేల యంత్రాలు స్తంభించిపోయాయి. అప్పటి ఇంటర్నెట్‌లో ఉన్న సుమారు 60,000 కంప్యూటర్లలో 6,000 దాకా దెబ్బతిన్నాయని అంచనా. కోర్టు అతనికి 3 సంవత్సరాల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది.

మీరు చేయవలసింది ఇది. ఆ సర్వర్ గురించి మీకు ఇప్పటికే తెలిసినంత వరకు, లోపలికి వెళ్లకుండా, కాలేజీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు మీ అధ్యాపకుల ద్వారా రాతపూర్వకంగా తెలియజేయండి. ఇతర సంస్థల వ్యవస్థల్లో లోపాలు గమనిస్తే వాటిని స్వీకరించే పద్ధతి సైబర్ భద్రత చూసే జాతీయ సంస్థ సర్ట్-ఇన్‌కు ఉంది. ఇక ఎన్‌మ్యాప్‌ను కూడా అనుమతి రాసి ఉన్న చోటే నడపండి. చేతి దురద తీర్చుకోవడానికి చట్టబద్ధమైన చోట్లకు కొదవ లేదు. దాడులు సాధన చేయడానికే లోపాలతో తయారుచేసిన మెటాస్‌ప్లాయిటబుల్ అనే మెషిన్‌ను మీ వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకుని ఎంతైనా స్కాన్ చేయవచ్చు. ఓవర్‌ద‌వైర్ వారి 'బ్యాండిట్' ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌తో మొదలై మెట్టు మెట్టుగా లినక్స్ నేర్పుతుంది, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపే పికోసీటీఎఫ్ విద్యార్థుల కోసమే ఉంది. ఈ రెండూ ఉచితం.

ప్రశ్న: కాలేజీ వైఫై వాడాలంటే ఫోన్లలో ఒక సర్టిఫికెట్ వేసుకోవాలని నోటీసు పెట్టారు. వేసుకోవచ్చా?
– ఒక ఎంటెక్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అది ఏ రకం సర్టిఫికెట్ అన్నదానిపై జవాబు ఆధారపడి ఉంటుందమ్మా. వైఫైలో చేరేటప్పుడు ఎదుట ఉన్నది నిజంగా కాలేజీ సర్వరేనని మీ ఫోన్ సరిచూసుకోవడానికి ఇచ్చేది ఒక రకం. అది మీ మేలుకే, నిశ్చింతగా వేసుకోండి. ఆండ్రాయిడ్‌లో దాన్ని 'వైఫై సర్టిఫికెట్' అన్న చోట చేరుస్తారు. 'సీఏ సర్టిఫికెట్' (ఇతర సైట్ల సర్టిఫికెట్లపై సంతకం చేసే అధికారం ఇచ్చేది) అన్న చోట చేర్చమంటే, ఆ ఫోన్ వెంటనే మీ డేటా ఇకపై ప్రైవేటుగా ఉండదన్న హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరిక నిజమే చెబుతోంది. దాన్ని ఒప్పుకుంటే కాలేజీ ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను వడగట్టే కాపలా) ఏ సైటు పేరుతోనైనా అప్పటికప్పుడు సర్టిఫికెట్ తయారుచేయగలదు, మీ బ్రౌజర్ దాన్ని నమ్ముతుంది. అంటే హెచ్‌టీటీపీఎస్ మీకూ సైటుకూ మధ్య గాక, మీకూ ఫైర్‌వాల్‌కూ మధ్య ముగుస్తుంది.

వైరస్‌లను వడగట్టడానికి సంస్థలు ఇలా చేయడం ఉన్నదే, అందులో దురుద్దేశం ఉండాలని లేదు. కానీ ఇది మామూలు అనుమతి కాదు. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థలోకి చొరబడినవారు గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు, దానితో ఇరాన్‌లో ఎందరివో జీమెయిల్ ఖాతాలపై నిఘా సాగింది, ఆ సంస్థ అదే ఏడాది దివాళా తీసింది. నమ్మదగిన సంతకం ఒక్కటి చేజారితే జరిగేది అది. కాబట్టి ఏ సైట్ల ట్రాఫిక్‌ను విప్పి చూస్తారు, బ్యాంకు సైట్లను మినహాయించారా అని మీ నెట్‌వర్క్ విభాగాన్ని మర్యాదగా అడగండి. వేసుకోక తప్పకపోతే బ్యాంకు పనులు మొబైల్ డేటాలోనే చేసుకోండి, కాలేజీ వదిలిన రోజున ఆ సర్టిఫికెట్‌ను తీసేయండి.

ప్రశ్న: మా అమ్మాయి సైబర్ సెక్యూరిటీ బ్రాంచిలో చేరతానంటోంది. మామూలు కంప్యూటర్ సైన్స్ మేలని బంధువులు అంటున్నారు. ఏది మంచిది?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: అయ్యా, బ్రాంచి పేరు కన్నా ఆ కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, లినక్స్ ల్యాబ్ ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు అన్నది కనుక్కోండి. ఆ మూడూ గట్టిగా ఉంటే రెండింటిలో ఏదైనా పర్వాలేదు, అవి లేకపోతే ఏ పేరు పెట్టినా లాభం లేదు. ఈ రంగంలో తొలి ఉద్యోగాలు చాలావరకు హెచ్చరికలను, లాగ్‌లను గంటల తరబడి ఓపికగా పరిశీలించే పనులు, రాత్రి షిఫ్టులు కూడా ఉంటాయి. ఈ సంగతి అమ్మాయితో ముందే మాట్లాడండి. తెలిసీ ఇష్టపడితే అడ్డు చెప్పకండి.

ప్రశ్న: నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈ సబ్జెక్టు బోధిస్తున్నాను. ల్యాబ్‌లో 30 పాత కంప్యూటర్లు ఉన్నాయి, ఇంటర్నెట్ అంతంత మాత్రం, ప్రత్యేక పరికరాలు లేవు. పాఠాన్ని నల్లబల్ల దాటించడం ఎలా?
– ఒక అధ్యాపకుడు, అనంతపురం

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి సంతోషించాను, ఈ ప్రశ్న అడిగే అధ్యాపకుడు ఉన్న తరగతి అదృష్టవంతమైనది. పరికరాలు లేకపోయినా ఫర్వాలేదు. మీరు ఒకసారి మీ ఇంటి దగ్గర టెల్‌నెట్, ఎస్‌ఎస్‌హెచ్, డీఎన్‌ఎస్, టీసీపీ త్రీ-వే హ్యాండ్‌షేక్ ప్యాకెట్లను పట్టి ఫైళ్లుగా దాచండి, వాటిని పెన్‌డ్రైవ్‌తో 30 కంప్యూటర్లలోకి ఎక్కించండి. వైర్‌షార్క్ ఉచితం, దాచిన ఫైలు తెరవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. సబ్జెక్టు వివరణ ఇంకా కావాలనుకునే పిల్లలకు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

పాఠాన్ని నిజమైన సంఘటనతో మొదలుపెట్టండి. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఒక సహకార బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. ఉద్యోగులకు పంపిన మోసపు ఈమెయిళ్లతో దొంగలు లోపలికి వచ్చారని, అక్కడి నుంచి ప్రధాన వ్యవస్థ దాకా వెళ్లకుండా ఆపగల విభజన నెట్‌వర్క్‌లో సరిగా లేదని పోలీసులు వెల్లడించారు. నెట్‌వర్క్‌ను వేరువేరు విభాగాలుగా ఎందుకు కట్టాలో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం అక్కర్లేదు. ఊరేదో విద్యార్థులకు తెలుసు, అలాంటి బ్యాంకులో వాళ్ల ఇళ్లలో ఎవరికో ఒకరికి ఖాతా ఉంటుంది.

ఆ తర్వాత పరీక్ష ప్రశ్నను మార్చండి. 'ఫైర్‌వాల్ రకాలను వివరింపుము' అని అడిగితే బట్టీ పట్టినదే రాస్తారు. దాని బదులు మూడు నియమాలు ఇవ్వండి. మొదటిది, ల్యాబ్ నుంచి ఎక్కడికైనా 443 పోర్టుకు (హెచ్‌టీటీపీఎస్ వాడేది) అనుమతి. రెండోది, ఎవరు వచ్చినా పరీక్షల సర్వర్‌కు ప్రవేశం లేదు. మూడోది, పరీక్షల విభాగం నుంచి పరీక్షల సర్వర్‌కు 22 పోర్టులో అనుమతి. నియమాలను పై నుంచి కిందికి చదివి, మొదట సరిపోలినదాన్నే ఫైర్‌వాల్ అమలుచేస్తుందని చెప్పి, రెండు ప్రశ్నలు అడగండి: పరీక్షల విభాగం తన సర్వర్‌లోకి వెళ్లగలదా? ల్యాబ్‌లోని విద్యార్థి ఆ సర్వర్‌ను చేరగలడా?

మొదటిదానికి 'వెళ్లగలదు', రెండోదానికి 'చేరలేడు' అని చాలామంది రాస్తారు, రెండూ తప్పే. పరీక్షల విభాగం ప్యాకెట్ మూడో నియమం దాకా రాకముందే రెండోది దాన్ని ఆపేస్తుంది. విద్యార్థి 443 పోర్టుకు పంపిన ప్యాకెట్ మాత్రం మొదటి నియమంలోని 'ఎక్కడికైనా' అన్న మాట పట్టుకుని నేరుగా పరీక్షల సర్వర్‌ను చేరుతుంది. మూడు, రెండు, ఒకటి అన్న వరుసలో నియమాలను తిరగరాసి మళ్లీ ప్యాకెట్లను నడిపించమనండి. ఈ పనికి ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు.